ప్రాజెక్టు సెట్టింగు ఎవరు నిర్ణయించాలి?

విజయదశమి వెళ్లాక వచ్చే మంగళవారం విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం. మూడులాంతర్ల దగ్గరి చదురుగుడి నుంచి కోట దాకా సిరిమాను మూడుసార్లు తిరుగుతుంది. పాలధార, తెల్ల ఏనుగు, అంజలి రథం, బెస్తవారి వల దాని ముందు నడుస్తాయి. పూజారి మాను కొసన ఆసనంలో కూర్చుని జనం తలల మీదుగా వస్తారు. ఆ సాయంత్రం ఆ దారికి రెండు పక్కలా ఎన్ని కెమెరాలు పనిచేస్తాయో లెక్కపెట్టలేం. వాటిలో నాలుగైదింటి దృశ్యాలు చివరికి ఏదో ఒక స్టూడియోలో ఒకే కంప్యూటరు మీదికి చేరతాయి. మేడ మీద స్టాండుకు బిగించిన కెమెరా సెకనుకు 25 ఫ్రేములు తీసి ఉంటుంది. జనంలో నిలబడ్డ కుర్రాడి ఫోను 30 తీసి ఉంటుంది, అదీ కచ్చితంగా 30 కాదు. ఇంకొకరి యాక్షన్ కెమెరా 4కెలో 60 తీసి ఉంటుంది. పాత ఉత్సవం టేపులోంచి రెండు నిమిషాలు కలపమని కమిటీవాళ్లు అడిగితే అది 576 గీతల బొమ్మ. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ తెరిచి కొత్త ప్రాజెక్టు నొక్కగానే ఒక పెట్టె వచ్చి అడుగుతుంది: ఫ్రేము సైజు ఎంత, సెకనుకు ఎన్ని ఫ్రేములు, రంగులు ఏ ప్రమాణంలో, ధ్వని ఎంత. చాలామంది ఆ పెట్టెను చదవకుండానే ఓకే నొక్కేస్తారు. తర్వాత రెండు రోజులు పడే పాట్లలో సగం ఆ నొక్కుడులోంచే పుడతాయి.

ఈ అధ్యాయం చెప్పేది ఒక్కటే. ప్రాజెక్టు సెట్టింగును నిర్ణయించాల్సింది చేతిలో ఉన్న ఫుటేజీ. రెండర్ సెట్టింగును నిర్ణయించాల్సింది ఆ వీడియోను చూడబోయే మనిషి, అతని ముందున్న తెర. ఇవి రెండు వేర్వేరు నిర్ణయాలు, రెండు వేర్వేరు సమయాల్లో తీసుకోవాల్సినవి. ఈ తేడా గమనించకుండా, జాబితాలో అన్నిటికన్నా పెద్ద అంకెను రెండు చోట్లా పెట్టేస్తే కంప్యూటరు మొరాయిస్తుంది, ఫైలు ఉబ్బుతుంది, బొమ్మ మాత్రం బాగుపడదు. ఏమీ ఎంచుకోకుండా ఓకే నొక్కినా ఎంపిక జరగకపోదు. కిందటి పెళ్లికి పెట్టిన అంకెలో, సాఫ్ట్‌వేర్ తయారుచేసిన దేశంలో చెల్లే అంకెలో మీ తరఫున నిర్ణయం చేసేస్తాయి. పనిమంతుడికి మొదట రావాల్సిన అలవాటు, తన పేరు మీద జరిగే నిర్ణయం ఏదో తెలుసుకుని తనే తీసుకోవడం. ఎడిటింగులో ఆ అలవాటు మొదలయ్యే చోటు ఈ పెట్టె.

ముందు ఫ్రేమ్ రేటు సంగతి తేల్చుకోవాలి, ఎందుకంటే మిగతావి పని మధ్యలో మార్చుకోగలిగినా దీన్ని మార్చడం కష్టం. డావిన్సీ రిజాల్వ్‌లో క్లిప్పులు లోపలికి తెచ్చాక ప్రాజెక్టు ఫ్రేమ్ రేటు గడి మూసుకుపోతుంది. మార్చనిచ్చే సాఫ్ట్‌వేర్లలో కూడా అప్పటిదాకా చేసిన కోతలు ఒకటి రెండు ఫ్రేములు అటూ ఇటూ జరుగుతాయి. ఇక లెక్క చూడండి. 30 ఫ్రేముల క్లిప్పును 25 ఫ్రేముల ప్రాజెక్టులో వేస్తే సాఫ్ట్‌వేర్ ప్రతి ఆరు ఫ్రేముల్లో ఒకటి పారేయాలి. 25 ఫ్రేముల క్లిప్పును 30 ప్రాజెక్టులో వేస్తే ప్రతి ఐదింటికీ ఒకటి రెండుసార్లు చూపించాలి. పూలదండ సర్దుకుంటున్న పెళ్లికూతురి ముఖం మీద ఈ లోటు కనబడదు. కెమెరా పక్కకు తిరుగుతున్నప్పుడూ, సిరిమాను తెర మీద ఒక పక్క నుంచి రెండో పక్కకు సాగుతున్నప్పుడూ మాత్రం సెకనుకు ఐదుసార్లు చిన్న కుదుపు వస్తుంది. చూసేవాళ్లు దానికి పేరు పెట్టలేరు గానీ కళ్లు నొచ్చుకుంటాయి. ఒకసారి పడిన ఈ కుదుపును రెండర్‌లో ఎంత పెద్ద అంకె పెట్టినా తీసేయలేం.

మన దేశంలో ఎప్పుడూ 25 పెట్టాలని పాత స్టూడియోల్లో ఒక మాట ఉంది. దానికి కారణం ఉంది. మన కరెంటు సెకనుకు 50 ఆవృత్తులది, దూరదర్శన్ పాల్ పద్ధతిలో సెకనుకు 25 ఫ్రేములు ప్రసారం చేసింది, పెళ్లిళ్ల కెమెరాలన్నీ ఆ లెక్కలోనే వచ్చాయి. అమెరికాలో కరెంటు 60, అక్కడి టీవీ 29.97. కానీ ఈ మాటను కళ్లు మూసుకుని పాటించేవాళ్లు ఒక సంగతి గమనించాలి: ఇవాళ చూసేవాళ్లలో ఎక్కువమంది చేతిలో ఉన్నది టీవీ కాదు, ఫోను. సాధారణ ఫోను తెర సెకనుకు 60 సార్లు బొమ్మను మారుస్తుంది. 60లో 30 సరిగ్గా రెండుసార్లు పడుతుంది. 25 అలా పట్టదు, కొన్ని ఫ్రేములు రెండుసార్లు, కొన్ని మూడుసార్లు కనబడతాయి. అందుకని అంతా ఫోన్లతో తీసిన ఊరి సంబరాన్ని 25లోకి లాక్కురావడంలో ఏ లాభమూ లేదు. అలాగని కెమెరాతో 25లో తీసిన పెళ్లిని ఫోన్ల కోసమని 30లోకి సాగదీయడమూ తప్పే. తెర చేసే ఆ చిన్న సర్దుబాటు కన్నా మీరు ఫైల్లో శాశ్వతంగా దూర్చే కుదుపు పెద్దది. దేశం అంకె, తెర అంకె రెండూ పక్కన పెట్టి, ఫుటేజీలో ఎక్కువ భాగం, ముఖ్యమైన భాగం ఏ రేటులో ఉందో ఆ రేటులో ప్రాజెక్టు పెట్టాలి. మిగతా క్లిప్పులు దానికి సర్దుకుంటాయి.

దీపాల మినుకు సమస్య దీనితో ముడిపడినట్టు కనిపించినా అది షట్టర్‌కు సంబంధించింది. 50 ఆవృత్తుల కరెంటు మీద వెలిగే చాలా దీపాలు సెకనుకు 100 సార్లు మెరిసి తగ్గుతాయి. షట్టర్ తెరిచి ఉండేది సెకనులో 50వ వంతో, 100వ వంతో అయితే ప్రతి ఫ్రేములోనూ సరిగ్గా పూర్తి మెరుపులే పడతాయి, మినుకు రాదు. 60లో ఒక వంతు పెడితే మండపం వెనక సీరియల్ లైట్లు, పందిట్లో ట్యూబులు అలలు అలలుగా ఊగుతాయి. 30 ఫ్రేములు తీసినా షట్టర్ 100లో ఒక వంతు పెట్టుకుంటే ఈ గొడవ ఉండదు. ఇది తీసేటప్పుడు తేలాల్సిన విషయం. టైమ్‌లైన్ మీద దీనికి మందు ఉన్నా, అది ఖరీదైనదీ సగం పనిచేసేదీ.

ఫోను ఫుటేజీలో ఇంకో చిక్కు దాగి ఉంటుంది. ఫోను వెలుగునూ వేడినీ బట్టి తన వేగాన్ని ఎప్పటికప్పుడు మార్చుకుంటుంది. 30 అని పేరే గానీ ఒక సెకనులో 29, ఇంకో సెకనులో 30 తీయవచ్చు. మాట మాత్రం తన వేగంతో తను సాగుతుంది. పది నిమిషాల హరికథనో జముకుల కథనో ఫోనుతో తీసి నేరుగా టైమ్‌లైన్ మీద వేస్తే మొదట పెదవులూ మాటా కలిసే ఉంటాయి, చివరికి వచ్చేసరికి విడిపోతాయి. కొందరు దీన్ని చేత్తో ముక్కలు ముక్కలుగా సరిచేస్తూ రాత్రంతా కూర్చుంటారు. అంత అక్కర్లేదు. హ్యాండ్‌బ్రేక్, షటర్ ఎన్‌కోడర్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఆ క్లిప్పులను ముందే స్థిరమైన ఫ్రేమ్ రేటులోకి మార్చుకుని, తర్వాతే ప్రాజెక్టులోకి తేవాలి. నాణ్యత గడిలో కాస్త ఎక్కువే ఉంచుకోవాలి, ఎందుకంటే ఇది ఇంకా ముడిసరుకు.

సినిమా లుక్ కావాలంటే 24 పెట్టాలి కదా అని కుర్ర ఎడిటర్లు గట్టిగా వాదిస్తారు. సినిమా నిజంగా 24లోనే నడుస్తుంది. కానీ 24కీ 25కీ తేడా నూటికి నాలుగు. ఆ నాలుగు పాళ్లను పట్టుకోగల కన్ను లేదు. తెర మీద సినిమాలా అనిపించేది దీపం ఎటు నుంచి పడింది, లెన్సు ఏది, కెమెరా ఎంత నిదానంగా కదిలింది అన్నవాటి వల్ల. 25లో, 50లో నడిచే నాలుగు కెమెరాల మధ్య ఒక్కటి 24లో తీస్తే మిగిలేది లుక్ కాదు, కుదుపు. మొత్తం కెమెరాలన్నీ 24లో తీయగలిగితే పెట్టుకోండి, అభ్యంతరం లేదు. తప్పెటగుళ్లు తీసేవాళ్లకైతే నా సలహా ఇంకోలా ఉంటుంది. రొమ్ముకు కట్టుకున్న గుళ్లను అరచేతులతో వాయిస్తూ ఎగిరి, గుండ్రంగా తిరిగి, ఒకరి మీద ఒకరు నిలబడే ఆట అది. సెకనుకు 25 ఫ్రేముల్లో ఆ చేతులు చెరిగిపోయిన గీతల్లా పడతాయి. దాన్ని 50లో తీయాలి. ప్రాజెక్టు 50లో పెడితే ఆట కళ్ల ముందు జరిగినంత తేటగా ఉంటుంది. 25లో పెడితే కావాల్సిన చోట సగం వేగంతో చూపించవచ్చు, ప్రతి ఫ్రేమూ నిజమైన ఫ్రేమే అవుతుంది. 25లో తీసేసి, రెండర్‌లో 50 పెడితే మాత్రం మధ్య ఫ్రేములను సాఫ్ట్‌వేర్ ఊహించి గీస్తుంది. వేగంగా కదిలే చేతుల దగ్గర ఆ ఊహ తప్పి వేళ్లు కరిగిపోతాయి.

సైజు విషయంలోనూ ఇదే వాదన నిలబడుతుంది. ఫుల్ హెచ్‌డీ ఫ్రేములో 1920 అడ్డంగా, 1080 నిలువుగా, మొత్తం 20,73,600 చుక్కలు. 4కెలో 3840, 2160 వంతున 82,94,400, అంటే నాలుగు రెట్లు. హెచ్‌డీలో తీసిన పెళ్లిని 4కె ప్రాజెక్టులో వేస్తే నాలుగింట మూడు చుక్కలను సాఫ్ట్‌వేర్ పక్క చుక్కల్ని చూసి నింపాల్సిందే. పాలలో నీళ్లు పోస్తే గిన్నె నిండుతుంది గానీ వెన్న పెరగదు. అలాంటప్పుడు కంప్యూటరు మీద బరువు నాలుగింతలు, రెండర్ సమయం కొన్ని గంటలు ఎక్కువ, దక్కేది ఏమీ లేదు. దీనికి తిరగేసిన పద్ధతి మాత్రం ఎంతో ఉపయోగం. 4కెలో తీసి హెచ్‌డీ ప్రాజెక్టులో వేసుకుంటే బొమ్మను రెండింతల దాకా దగ్గరకు లాగినా ఒక్క చుక్క కూడా కొత్తగా పుట్టించనక్కర్లేదు. మేడ మీద కదలకుండా నిలబెట్టిన ఒక్క 4కె కెమెరా దూరపు బొమ్మనీ, పూజారి ముఖాన్నీ రెండింటినీ ఇవ్వగలదు. పాత టేపుల విషయంలో ఇంకొంత జాగ్రత్త కావాలి. మినీ డీవీ బొమ్మ 720, 576 చుక్కలది, పైగా ఒక్కో ఫ్రేమూ సరి గీతలు, బేసి గీతలుగా రెండు విడతల్లో తీసినది. ఆ సంగతి సాఫ్ట్‌వేర్‌కు చెప్పకుండా వేస్తే కదిలే చోటల్లా దువ్వెన పళ్లలా గీతలు లేస్తాయి. క్లిప్పు ప్రాపర్టీస్‌లో ఏ గీతలు ముందో సరిగా చెప్పి, డీఇంటర్‌లేస్ చేయించాలి. డీవీలో మామూలుగా కింది గీతలే ముందు.

ఇక్కడ ఒక అభ్యంతరానికి బలముంది. హెచ్‌డీ వీడియోను 4కెగా సాగదీసి యూట్యూబ్‌లో పెడితే హెచ్‌డీగా పెట్టినదాని కన్నా తేటగా కనిపిస్తోంది కదా అంటారు. కంటికి కనబడింది నిజమే. పెద్ద సైజులో వచ్చిన వీడియోలకు యూట్యూబ్ మెరుగైన కోడెక్ (కుదించే పద్ధతి), ఎక్కువ బిట్‌రేటు ఇస్తుంది కాబట్టి వాటిని తక్కువ నలుపుతుంది. అయితే ఇందులోంచి తేలేది నా వాదనకు విరుద్ధమైంది కాదు. ఆ లాభం యూట్యూబ్ అనే ఒక్క దారికి సంబంధించింది, కనుక దాని చోటు రెండర్ పెట్టెలో. ప్రాజెక్టు హెచ్‌డీలోనే ఉంచి, యూట్యూబ్ కాపీ ఒక్కదాన్ని పెద్దది చేసి తీయవచ్చు. ఎడిటింగ్ చేసినంతసేపూ ఆ భారం మోయనక్కర్లేదు. పని ఇచ్చిన పార్టీకి పెన్‌డ్రైవ్‌లో ఇచ్చే కాపీకి దానితో పనే లేదు.

రంగుల గురించి రెండు మాటలు చాలు. కొత్త ఐఫోన్లు, కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లు హెచ్‌డీఆర్‌లో తీస్తాయి. మామూలు కెమెరాల బొమ్మ రెక్ 709 ప్రమాణంలో ఉంటుంది. రెండూ ఒకే టైమ్‌లైన్ మీద పడితే ఫోను క్లిప్పులో పట్టుచీర తెల్లబారి, ముఖాలు వెలిగిపోతాయి. తీసే ముందే ఫోనులో హెచ్‌డీఆర్ ఆపించడం అన్నిటికన్నా తేలిక. తీసేసి ఉంటే ఆ క్లిప్పులను 709లోకి మార్చి వాడాలి. మన ప్రాంతంలో చూసే తెరలన్నీ హెచ్‌డీఆర్ అయ్యేదాకా ప్రాజెక్టు 709లో ఉండటమే క్షేమం.

ఇక రెండర్. బిట్‌రేటు అంటే ఏమిటో ఒక్కసారి లెక్కగట్టి చూస్తే జీవితాంతం గుర్తుంటుంది. హెచ్‌డీ ఫ్రేములో ఒక్కో చుక్కకు మూడు బైట్ల వంతున 62,20,800 బైట్లు. సెకనుకు 25 ఫ్రేములంటే దాదాపు 155 మెగాబైట్లు, నిమిషానికి తొమ్మిది గిగాబైట్లకు పైన. మనం ఇచ్చే హెచ్.264 ఫైలు 8 మెగాబిట్లలో ఉంటే సెకనుకు ఒక్క మెగాబైటు. అంటే 155 పాళ్లలో 154 పాళ్లు పారేసి ఒక్క పాలుతో బొమ్మ నిలబెడుతున్నాం. 2003లో వచ్చిన ఈ కోడెక్ అంత పని చేయగలగడానికి కారణం, అది ప్రతి ఫ్రేమునూ పూర్తిగా రాయదు. అప్పుడప్పుడు ఒక పూర్తి ఫ్రేము రాసి, మధ్యలో ఏది మారిందో అది మాత్రమే రాస్తుంది. కాబట్టి ఒక వీడియోకు ఎంత బిట్‌రేటు కావాలో నిమిషాలు చెప్పవు, సైజు కూడా పూర్తిగా చెప్పదు. ఒక ఫ్రేముకూ తర్వాతి ఫ్రేముకూ మధ్య ఎంత మారుతోందో అది చెబుతుంది.

విజయనగరం సంగీత కళాశాలలో ఒక వయొలిన్ కచేరీ తీశారనుకోండి. 1919లో విజయరామ గానపాఠశాలగా మొదలైన సంస్థ అది. ఆదిభట్ల నారాయణదాసు, ఆయన తర్వాత ద్వారం వెంకటస్వామినాయుడు దానికి అధ్యక్షులుగా ఉన్నారు. అక్కడ వేదిక కదలదు, వెనక తెర కదలదు, వాద్యకారుడి చెయ్యి మాత్రం కదులుతుంది. హెచ్‌డీలో 5 మెగాబిట్లు ఇచ్చినా బొమ్మ నిలుస్తుంది. ఆ వీడియోలో ప్రాణం ధ్వనిలో ఉంది, కాబట్టి అక్కడ పొదుపు చేయకూడదు. 48 కిలోహెర్ట్జ్, ఏఏసీలో 320 లేదా 384 కిలోబిట్లు ఇవ్వాలి. ఆ 5 మెగాబిట్ల ముందు ఇది పదో వంతు బరువు కూడా కాదు. ఇప్పుడు తలంబ్రాల ఘట్టం చూడండి. వేలాది పసుపు గింజలు ఒక్కసారిగా గాల్లో లేచి, ప్రతి ఫ్రేములోనూ చోటు మారతాయి. కింద ఫ్లాష్ వెలుగులు, పక్కన నవ్వుతూ కదిలే ముఖాలు. మారనిదంటూ ఏమీ లేదు, కోడెక్‌కు దాచుకునే చోటే దొరకదు. అదే 5 మెగాబిట్లు ఇస్తే గింజలు పసుపు మచ్చలైపోతాయి, పెళ్లికూతురి ముఖం గళ్లుగళ్లుగా విడిపోతుంది. సిరిమాను మీదికి జనం అరటిపళ్లు విసిరే సమయం, కళింగపట్నం తీరంలో కెరటం విరిగే క్షణం, ఇవీ ఆ జాతివే. అక్కడ హెచ్‌డీకి కూడా 15, 20 మెగాబిట్లు కావాలి. ఒకే పెళ్లి వీడియోలో రెండు రకాల ఘట్టాలూ ఉంటాయి కాబట్టి స్థిరమైన బిట్‌రేటు కన్నా మారే బిట్‌రేటు ఎంచుకోవాలి. సగటు 10, గరిష్ఠం 20 అని ఇచ్చి, సమయం ఉంటే రెండు విడతల ఎన్‌కోడింగ్ పెడితే, మొదటి విడతలో సాఫ్ట్‌వేర్ ఎక్కడ గింజలు ఎగురుతున్నాయో చూసుకుని రెండో విడతలో బిట్లను అక్కడికి మళ్లిస్తుంది. గాయత్రీ మంత్రం చదువుతున్న పురోహితుడి దగ్గర మిగిల్చినది తలంబ్రాల దగ్గర ఖర్చు పెడుతుంది.

అలాగైతే అంతటా 50 మెగాబిట్లు పెట్టేస్తే గొడవ వదులుతుంది కదా అనే ప్రశ్నకు, చూసేవాళ్ల దగ్గరికి వెళ్తే గానీ జవాబు దొరకదు. బిట్‌రేటును సెకన్లతో గుణించి 8తో భాగిస్తే మెగాబైట్లు వస్తాయి. 8 మెగాబిట్లలో గంట వీడియో 3.6 గిగాబైట్లు, ధ్వని కలిపితే కాస్త ఎక్కువ. 15 మెగాబిట్లలో 6.75. ఇంట్లో టీవీలకు పెట్టే పెన్‌డ్రైవ్‌లు చాలా మటుకు ఫ్యాట్32 పద్ధతిలో ఉంటాయి, అందులో ఒక్కో ఫైలు 4 గిగాబైట్లు దాటడానికి వీల్లేదు. దాటిన ఫైలును ఇస్తే కాపీయే కాదు. ఎక్స్‌ఫ్యాట్‌లోకి మారిస్తే పాత టీవీ చదవకపోవచ్చు. మూడు గంటల పెళ్లిని గంటకో భాగంగా 8 మెగాబిట్లలో ఇస్తే సంతకవిటి లాంటి ఊళ్లోని పాత టీవీలో కూడా ఆడుతుంది. అక్కడ హెచ్.265 కూడా వద్దు. అది సగం బరువులో అదే బొమ్మ ఇవ్వగలదు గానీ పాత టీవీ దాన్ని చూసి నల్లతెర చూపిస్తుంది.

యూట్యూబ్‌కు పెట్టేవాళ్ల లెక్క వేరు. యూట్యూబ్ ఇచ్చే సూచన హెచ్‌డీ 25, 30 ఫ్రేములకు 8 మెగాబిట్లు, 50, 60 ఫ్రేములకు 12, మామూలు 4కెకు 35 నుంచి 45. మీరు ఎంత పంపినా అది తన లెక్కలో మళ్లీ నలిపి, చూసేవాడి సిగ్నల్‌కు తగిన కాపీ పంపుతుంది. కాబట్టి చూసేవాడి డేటా ఎక్కువ ఖర్చవుతుందని భయపడి తక్కువ బిట్‌రేటులో పెట్టనక్కర్లేదు, రెండుసార్లు నలిగిన బొమ్మే అన్నిటికన్నా అధ్వాన్నం. అప్‌లోడ్ సమయం మాత్రం మీదే. 2 మెగాబిట్ల అప్‌లోడ్ ఉన్న చోట 8 మెగాబిట్ల గంట వీడియో ఎక్కడానికి నాలుగు గంటలు, 50 మెగాబిట్లదైతే ఒక పగలూ ఒక రాత్రీ దాటిపోతుంది. ఈలోగా సంబరం చూడాలనుకున్నవాళ్లు ఎదురుచూస్తూ ఉంటారు. శ్రీకాకుళం తీరం నుంచి గుజరాత్‌లోని వెరావల్ రేవుకు వేటకు వెళ్లిన మత్స్యకారులు, హైదరాబాద్, చెన్నైలలో కట్టడం పనుల్లో ఉన్నవాళ్లు సొంతూరి అమ్మవారిని చూసేది ఫోనులోనే. వాళ్ల కోసం చేసే కాపీలో ఏం ముఖ్యమో ఆలోచించాలి. అరచేతి తెర మీద 4కె కనబడదు, చిన్న అక్షరాల పేర్లు చదవబడవు, కంటికి తగిలేది దగ్గరి ముఖం, చెవికి తగిలేది తేటైన డప్పు. వాట్సాప్‌లో వీడియోగా పంపితే అది మళ్లీ నలిపేస్తుంది. 2022 నుంచి 2 గిగాబైట్ల దాకా డాక్యుమెంటుగా పంపే వీలుంది, అలా పంపితే మీరు చేసిన కాపీ మీరు చేసినట్టే చేరుతుంది.

ఇదంతా సాఫ్ట్‌వేర్‌లో రెడీమేడ్ ప్రీసెట్లుగా ఉంది కదా, ఇంత లెక్క ఎందుకని అడిగేవాళ్లకు నేను ప్రీసెట్లు వాడొద్దని చెప్పను. యూట్యూబ్ హెచ్‌డీ అనే ప్రీసెట్ సగటు వీడియోకు సరిపోయేలా ఎవరో ఆలోచించి పెట్టినది. దానికి మీ ఫుటేజీ 25లో ఉందో 30లో ఉందో తెలియదు, అందులో వయొలిన్ ఉందో తలంబ్రాలు ఉన్నాయో తెలియదు, మీ పార్టీ టీవీ ఏ సంవత్సరానిదో అసలే తెలియదు. ప్రీసెట్‌ను తీసుకుని, ఆ మూడూ చూసి, ఒకటి రెండు అంకెలు మార్చుకుంటే అది మీ నిర్ణయం అవుతుంది. పార్టీ 4కె కావాలని పట్టుబడితే ఏం చేయాలి అన్నదీ న్యాయమైన ప్రశ్నే. 4కె అనే మాటకు డబ్బులు వస్తున్నప్పుడు ఏ స్టూడియో అయినా కాదనలేదు. అయితే ఆ మాట ఇచ్చేది బుకింగ్ రోజున, కనుక తీసేటప్పుడే అన్ని కెమెరాలూ 4కెలో తీయించాలి. హెచ్‌డీలో తీసి రెండర్‌లో 4కె అని పేరు పెట్టడం కొనేవాడిని మోసగించడమే. కాలం గడిచి పెద్ద తెర మీద చూసుకున్నప్పుడు అది బయటపడుతుంది.

అన్నిటికన్నా నిర్లక్ష్యానికి గురయ్యేది మాస్టర్ కాపీ. పెన్‌డ్రైవ్ ఇచ్చేశాక, యూట్యూబ్‌లో ఎక్కించాక, హార్డ్‌డిస్కు ఖాళీ చేయడానికి ప్రాజెక్టు మొత్తం తుడిచేసే అలవాటు మన స్టూడియోల్లో గట్టిగా ఉంది. హార్డ్‌డిస్కు ఖరీదు నిజమైన ఇబ్బందే. గంట వీడియోను ప్రోరెస్ 422లో దాచాలంటే 55 గిగాబైట్లు, అది ప్రతి పనికీ సాధ్యం కాదు. కానీ హెచ్.264లోనే 50 మెగాబిట్లలో ఒక కాపీ తీసి పెట్టుకుంటే 22.5 గిగాబైట్లు, మళ్లీ ఏ రూపంలోకి మార్చినా నిలబడగల బొమ్మ. ఇందాక చూసేవాళ్లకు వద్దన్న 50 మెగాబిట్లకు సరైన చోటు ఇది. ఎందుకు దాచాలో శ్రీకాకుళం తీరంలోని ఉద్దానాన్ని చూస్తే తెలుస్తుంది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తిత్లీ తుపాను తీరం దాటినప్పుడు తరాల నాటి కొబ్బరి తోటలు నేలకూలాయి. ఆ తోటల్లో జరిగిన పెళ్లిళ్లు, సంబరాలు, వనభోజనాల వీడియోల్లో ఆ చెట్లు ఇంకా నిలబడే ఉన్నాయి. వాట్సాప్‌లో పదిసార్లు నలిగిన కాపీ ఒక్కటే మిగిలి ఉంటే ఆ ఆకులు పచ్చటి గళ్లు మాత్రమే. మన ఊళ్లలో గ్రామదేవత సంబరం చాలాచోట్ల కొన్నేళ్లకోసారి జరుగుతుంది. మళ్లీ సంబరం వచ్చేసరికి ఈసారి పాడినవాళ్లలో కొందరు ఉండరు. తీసినవాడి చేతిలో ఉన్న మాస్టర్ కాపీ ఆ ఊరికి చెందిన ఆస్తి అని నా నమ్మకం.

అందుచేత వచ్చే పని మొదలుపెట్టే ముందు ఇలా చేయండి. ఒక్క కోత కూడా వేయక ముందు ప్రతి కెమెరా క్లిప్పునూ తెరిచి ప్రాపర్టీస్ చూడండి, సైజు, ఫ్రేమ్ రేటు, అది స్థిరమో కాదో ఒక కాగితం మీద రాయండి. ఆ కాగితాన్ని చూసి ప్రాజెక్టు పెట్టండి. పని అయ్యాక మొత్తం రెండర్‌కు పెట్టకుండా, వీడియోలో ఎక్కువ కదలిక ఉన్న ముప్పై సెకన్లు, తలంబ్రాలో, మాను కదలడమో, తప్పెటగుళ్లో, ఆ ముక్కను మాత్రం రెండర్ చేయండి. దాన్ని మీ మానిటర్ మీద కాక, చూడబోయేవాళ్ల దగ్గర ఉండే ఫోనులోనో టీవీలోనో పెట్టి చూడండి. అక్కడ బాగుంటే మిగతాది రెండర్‌కు వేసి, మాస్టర్ ఇంకో డిస్కులోకి చేరిందని చూసుకున్నాకే ప్రాజెక్టును తుడవండి.